కల్వర్టు దగ్గరికి రాగానే గుర్రం మొరాయిస్తోంది, ఏం చేయాలి?

చంద్రగిరి రౌతు
నా దగ్గర ఆరేళ్ల ఆడగుర్రం ఉంది. మార్వాడీ క్రాస్ అని చెప్పి అమ్మారు. చెవుల కొనలు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి కొంతైనా నిజమే అనుకుంటున్నా. పోయిన ఆడి నెలలో అంతియూరు సంతలో కొన్నాను. అప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉండేది, ఉలవలు పెట్టాక ఇప్పుడు నిగనిగలాడుతోంది. మొదటి మూడు నెలలు ఏ గొడవా లేదు.

మూడు వారాలుగా కొత్త తంటా. పొద్దున ఆరింటికి ఇంట్లో బయలుదేరితే మామిడి తోటల పక్క మట్టిదారిలో ముప్పావు కిలోమీటరు బుద్ధిగా నడుస్తుంది. ఆ తర్వాత దారి మలుపులో చిన్న కల్వర్టు ఉంది. దానికి ఇరవై అడుగుల ముందు నాలుగు కాళ్లూ నేలలో పాతేసినట్టు ఆగిపోతుంది. మడమలతో పొడిస్తే వెనక్కి నడుస్తుంది. బెత్తం చూపిస్తే తల ఎగరేసి, ఎడమవైపు గిర్రున తిరిగి ఇంటిదారి పడుతుంది. ఇంటివైపు మాత్రం ఎక్స్‌ప్రెస్ రైలే.

నిన్న అలా వెనక్కి వెనక్కి పోయి కాలువ గట్టు అంచుకు చేరింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. దిగి, పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి వచ్చేశా. మా నాయన అరుగు మీద కూర్చుని "అమ్మేయరా, ఆ డబ్బుతో ఇంకో ఎనుము కొందాం, పాలన్నా ఇస్తుంది" అన్నాడు. అనుభవం ఉన్నవాళ్లు దారి చెప్పండి.

గుగ్గిళ్లు
కల్వర్టు అవతల ఎవరికైనా బాకీ ఉందేమో అడిగి చూశారా?

పాత రౌతు
రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. నీ గుర్రం నిన్ను తూకం వేసేసింది. ఒకసారి గట్టిగా రెండు తగిలించి ఆ కల్వర్టు దాటించు, మళ్లీ జన్మలో ఆగదు. దిగి నడిపించుకుని ఇంటికి తెచ్చావు చూడు, అక్కడే చెడింది. ఆగితే ఇంటికి పోవచ్చని నువ్వే పాఠం చెప్పావు.

నగరి నుంచి
అది చిరుత అయ్యుంటుంది. శ్రీవారిమెట్టు వైపు అడవి మీకు దగ్గరే కదా. మనకు కనపడదు గానీ గుర్రం వాసన పడుతుంది. 2023లో అలిపిరి నడకదారిలో జరిగింది మరిచిపోయారా? గుర్రం ఆగిందంటే దానికి దండం పెట్టి వెనక్కి రండి.

చంద్రగిరి రౌతు
@నగరి నుంచి, ఆ దారిలో పొద్దున్నే పాలవాళ్లు, పూలు కోసేవాళ్లు తిరుగుతూనే ఉంటారు. కుక్కలు కూడా తీరిగ్గా పడుకుని ఉంటాయి. చిరుత ఉంటే ముందు కుక్కలకు తెలియాలి.

@పాత రౌతు, రెండు తగిలించడం కూడా అయింది సార్. అందుకే కాలువ అంచుకు పోయాం.

జట్కా మనవడు
మా తాత చిత్తూరులో జట్కా తోలేవాడు. ఆయన దగ్గర ఒక గోధుమరంగు గుర్రం ఉండేదట. ఉన్నట్టుండి ఒకరోజు ఎత్తు రోడ్డు మొదట్లో ఆగిపోయింది. ఎంత కొట్టినా కదల్లేదు. దిగి జనాన్ని దింపేసి, పట్టీలు విప్పి చూస్తే రొమ్ము పట్టీ కింద అర్ధరూపాయి బిళ్లంత పుండు. పల్లంలో, చదునులో బండి దానంతట అదే దొర్లుతుంది కాబట్టి నొప్పి లేదు. ఎత్తు ఎక్కేటప్పుడే పట్టీ లోపలికి నొక్కుతుంది. అందుకే అక్కడే ఆగేది. "దానికి నోరుంటే ముందు నన్ను బూతులు తిట్టేది" అని ముసలాయన చివరిదాకా చెప్పుకునేవాడు.

నేను గుర్రం ఎక్కింది లేదు, తోలింది లేదు. కానీ ముందు జీను విప్పి చూడండి అన్నా.

పుత్తూరు డాక్టరమ్మ
జట్కా మనవడు చెప్పిన పుండు కథ నేను చెప్పబోయే దానికి సగం పని చేసిపెట్టింది. బాగా నడిచే గుర్రం హఠాత్తుగా ఆగడం మొదలుపెడితే, పొగరు అనుకునే ముందు నొప్పి ఉందేమో చూడాలి. వరస తప్పితే ఏ శిక్షణా పనిచేయదు.

ఇంట్లోనే చూసుకోగలిగినవి చెబుతాను. స్వారీ అయి వచ్చాక జీను తీసిన వెంటనే వీపు మీద చెమట ఎలా పట్టిందో చూడండి. అంతా సమానంగా తడిసి, మధ్యలో ఎక్కడైనా అరచేయంత పొడి మచ్చలు ఉంటే అక్కడ జీను గట్టిగా ఒత్తుతోందని అనుమానించాలి. తర్వాత మూపు నుంచి నడుము దాకా మూడు వేళ్లతో వెన్నుకు అటూ ఇటూ నొక్కుకుంటూ రండి. ఎక్కడ వీపు కిందికి జారుస్తుందో, ఎక్కడ చెవులు వెనక్కి వాలుస్తుందో గుర్తుపెట్టుకోండి. గిట్టలు నాలుగూ ఎత్తి చూడండి, వానాకాలం కదా, అడుగున మెత్తటి భాగం నల్లబడి కంపు కొడుతోందేమో. లాడాలు వేసి ఎన్నాళ్లయింది? ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి విప్పి, గిట్ట చెక్కి మళ్లీ వేయాలి.

పళ్లు డాక్టరుతో చూపించండి. పై పళ్లకు బయటి అంచు, కింది పళ్లకు లోపలి అంచు అరిగి కత్తిలా అవుతాయి. అప్పుడు కళ్లెం లాగినప్పుడల్లా బుగ్గ కోసుకుంటుంది. ఆకురాయిలాంటి పనిముట్టుతో ఆ అంచులు రాస్తే సరిపోతుంది. చంద్రగిరి నుంచి తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఎంత దూరం మీకు?

ఇంకొకటి. ఖాళీ కడుపుతో ఎక్కుతున్నారా? గుర్రం పొట్టలో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలితేనే వస్తుంది. రాత్రి తొమ్మిదికి మేత అయిపోయి, పొద్దున ఆరింటికి జీను వేస్తే పొట్టలో మంట. పొట్టకింద బెల్టు బిగించేటప్పుడు కొరకబోతే అదొక గుర్తు. ఎక్కే ముందు నాలుగు పరకల ఎండుగడ్డి నమలనివ్వండి.

కొత్తగా చేరాను
సందులో సందుగా ఒక ప్రశ్న. నా బరువు 92 కిలోలు. ఇలాంటి గుర్రం ఎక్కొచ్చా?

పుత్తూరు డాక్టరమ్మ
మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవడం మంచి లెక్క. గుర్రం 400 కిలోలుంటే అన్నీ కలిపి 80. మీరు కొంచెం ఆగండి.

గుగ్గిళ్లు
@కొత్తగా చేరాను, రౌతు గారి ఇంట్లో ఎనుము ఉందట, దాన్ని అడగండి. కాకపోతే ఆ జాతి ఎక్కే పెద్దమనిషి ఇంకొకాయన ఉన్నాడు, ఆయన పాశం పట్టుకుని వస్తాడు.

తిరుపతి బరాత్
నావి రెండు తెల్ల గుర్రాలు, పెళ్లిళ్లకు పంపుతాను. టపాకాయలు, బ్యాండు, డీజే, తాగి తోక పట్టుకుని లాగే బావమరుదులు, అన్నీ చూసిన గుర్రాలు. అలాంటి గుర్రం ఒకటి ఒకరోజు కల్యాణ మంటపం గేటు దగ్గర ఆగిపోయింది. ఎందుకో తెలుసా? గేటుకు కట్టిన సీరియల్ లైట్ల నీడ నేలమీద కదులుతోంది. వరుడు పైన, వీడియో వాడు ముందు, ముహూర్తానికి పది నిమిషాలు. నా టెన్షన్ చెప్పనలవి కాదు. ఏమీ చేయలేదు. తల కిందికి వదిలి, ఆ నేల వాసన చూసుకోనిచ్చాను. ఒక నిమిషం బుసబుసలాడి, తానే నడిచింది.

గుర్రానికి కళ్లు తల పక్కన ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ నుదుటి ముందు, తోక వెనక మాత్రం గుడ్డి. పగ్గం బిగించి తల పైకెత్తి పట్టుకుంటే ముందున్న నేల దానికి సరిగ్గా కనపడదు. వెలుగులోంచి నీడలోకి వస్తే కళ్లు సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువ సేపు పడుతుంది. కల్వర్టు కింద ఈ వానలకు నీళ్లు పారుతున్నాయా? ఆ చప్పుడు మూడు వారాల కిందట లేదేమో.

అన్నిటికన్నా ముఖ్యం, అది వెనక్కి నడుస్తున్నప్పుడు పగ్గం లాగొద్దు. అక్కడి నుంచే ముందుకాళ్లు ఎత్తడం మొదలవుతుంది. ఎత్తిందంటే ముందుకు వంగి, చేతులు మెడ మీదికి వదిలేయండి. లాగితే గుర్రం మీ మీద వెల్లకిలా పడుతుంది. హెల్మెట్ లేకుండా ఎక్కుతున్నట్లయితే ఈ చర్చంతా ఆపి ముందు అది కొనుక్కోండి.

పాత రౌతు
నీడలు, చప్పుళ్లు, పళ్లు, పొట్టలో మంట. ఇంకేం, జాతకం కూడా చూపించండి. మా రోజుల్లో గుర్రం నడవకపోతే నడిపించేవాళ్లం. రౌతు కొద్దీ గుర్రం.

తిరుపతి బరాత్
పెద్దాయనా, రౌతు కొద్దీ గుర్రం అంటే తప్పు రౌతుది అని కూడా అర్థం వస్తుంది కదా.

గుగ్గిళ్లు
😂 ఈ పోస్టుకు ఉలవచారు పార్టీ నాది.

చంద్రగిరి రౌతు
అందరికీ ఒకేసారి చెప్తున్నా. నీళ్లు పారుతున్నాయి, నిజమే. కానీ ఇరవై రోజుల కిందట ఎండిపోయి ఉన్నప్పుడే ఆగడం మొదలైంది. లాడాలు ఏడు వారాలు. హెల్మెట్ ఉంది, బైకుది 🙈. గుర్రాలకు వేరే ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ గారు, ఈరోజు జీను తీయగానే చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. వీపంతా తడి, మూపు వెనక రెండు పక్కలా అరచేయి కన్నా కొంచెం చిన్నవి రెండు మచ్చలు పొడిగా, వెంట్రుకలు పొడిదుమ్ము పట్టినట్టు రేగి ఉన్నాయి. ఎడమ మచ్చ మీద వేళ్లు పెట్టి నొక్కితే వీపు మొత్తం కిందికి జార్చి, తల తిప్పి నా చొక్కా పట్టుకుంది. కొరకలేదు, పట్టుకుని వదిలేసింది. సిగ్గేసింది.

కానీ ఇదే జీను మూడు నెలలు వాడాను, అప్పుడు ఏమీ కాలేదు. పైగా మూడు వారాల కిందటే మెత్తగా ఉంటుందని జీను కింద మందపాటి కంబళి కూడా వేశాను.

పుత్తూరు డాక్టరమ్మ
మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఎముకలు కనిపించే గుర్రాన్ని తెచ్చి, ఉలవలు పెట్టి నిగనిగలాడించానని మీరే రాశారు. అప్పటి సన్నటి వీపుకు సరిపోయిన జీను ఇప్పుడు పట్టదు. దాని కింద కంబళి వేయడమంటే బిగువైన బూటులోకి ఉన్ని సాక్సులు వేసుకోవడం. మెత్తగా ఉండదు, ఇంకా నొక్కుతుంది.

పది, పదిహేను రోజులు ఎక్కొద్దు. చేత్తో పట్టుకుని నడిపించండి. వెడల్పు జీను ఎవరి దగ్గరైనా అరువు తీసుకుని వీపు మీద వట్టిగా పెట్టి చూడండి. మూపు మీదికీ జీనుకూ మధ్య మూడు వేళ్లు దూరాలి, పక్కల చెయ్యి సమానంగా దూరాలి.

ఉలవలు ఎంత పెడుతున్నారు?

చంద్రగిరి రౌతు
ఉడకబెట్టి పొద్దున రెండు శేర్లు, సాయంత్రం రెండు శేర్లు. వారంలో మూడు రోజులే ఎక్కుతాను. మిగతా రోజులు కొట్టంలోనే.

పుత్తూరు డాక్టరమ్మ
తగ్గించండి. పని లేని రోజున సగం కూడా వద్దు, గడ్డి పెంచండి. కదలకుండా ఉన్న రోజుల్లో నిండా దాణా పెట్టి, మర్నాడు హఠాత్తుగా పని చేయిస్తే కొన్ని గుర్రాలకు నడుము, తొడల కండరాలు బిగుసుకుపోతాయి. అదీ ఆగిపోవడమే, కానీ మొరాయింపు కాదు. చెమటలు కారుస్తూ, వణుకుతూ కొయ్యలా నిలబడుతుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అలాంటప్పుడు ఒక్క అడుగు కూడా వేయించకూడదు, అక్కడే ఉంచి డాక్టరును పిలవాలి. మీ గుర్రానిది అది కాదు, ఇంటివైపు పరుగెత్తుతోంది కాబట్టి. చదివేవాళ్ల కోసం రాస్తున్నా.

అలాగే వచ్చీపోయే జ్వరం, పొట్ట కింద, కాళ్లకు వాపు, రోజురోజుకూ నీరసం ఉంటే రక్తపరీక్ష చేయించాలి. జోరీగలు కుట్టడం వల్ల వచ్చే సర్రా అనే జబ్బు మన దేశంలో గుర్రాలకు కొత్తేమీ కాదు. గుర్రం మామూలు ఉష్ణోగ్రత 37.5 నుంచి 38.5 సెల్సియస్. ఒక థర్మామీటరు కొట్టంలో ఉంచుకోండి.

పలమనేరు దౌడు
రెండు రోజులు చూడకపోతే మూడు పేజీలు అయింది. నాది రేసుల్లోంచి బయటపడిన థరోబ్రెడ్, బెంగళూరు నుంచి తెచ్చాను. నేనూ మొదట్లో మొండిది అనుకున్నా. కాళ్లతో ఎంత నొక్కినా ఏమీ పట్టనట్టు నిలబడేది. ఆపాలని పగ్గం లాగితే ఇంకా దూసుకుపోయేది. పిచ్చెక్కేది. తర్వాత ఒకాయన చెప్పాడు: రేసులో జాకీ రికాబులు ఎంత పొట్టిగా ఉంటాయో చూశావా, వాడి పిక్కలు గుర్రం పొట్టకు తగిలేది ఎక్కడ? పగ్గం బిగిస్తే దాని మీద ఆనుకుని పరుగెత్తడమే దానికి తెలుసు. నువ్వు తమిళంలో తిడుతుంటే తెలుగు గుర్రానికి ఏం అర్థమవుతుంది అని. అక్కడినుంచి అఆల దగ్గర మొదలుపెట్టాను. ఏడాది పట్టింది.

మీ గుర్రాన్ని అంతకుముందు ఎవరు ఎలా ఎక్కారో కనుక్కున్నారా?

చంద్రగిరి రౌతు
అమ్మినాయన "చిన్నపిల్లలు కూడా ఎక్కుతారు" అన్నాడు. అంతకుమించి తెలీదు.

గుగ్గిళ్లు
సంతలో ప్రతి గుర్రాన్నీ చిన్నపిల్లలే ఎక్కుతారు. రాయలవారికి అరబ్బీ గుర్రాలు అమ్మిన పోర్చుగీసు వాళ్లు కూడా ఇదే మాట చెప్పుంటారు.

క్యాడెట్ అక్క
ఎన్‌సీసీ గుర్రాల విభాగంలో మూడేళ్లు చేశాను, ఇప్పటికీ వారానికి రెండుసార్లు ఎక్కుతాను. కిందటి వారం మీరు పెట్టిన వీడియో ఇవాళే చూశా. జీను సంగతి తేలింది, సంతోషం. కానీ నొప్పి పోయినా ఈ గుర్రం అక్కడ ఆగుతుంది. మూడు వారాల అలవాటు దానిది. దాంతోపాటు మీ అలవాటు కూడా ఒకటి ఉంది.

వీడియోలో పన్నెండో సెకను దగ్గర ఆపి చూడండి. కల్వర్టు ఇంకా చాలా దూరం. గుర్రం చెవులు మామూలుగానే ఉన్నాయి. మీరు మాత్రం భుజాలు పైకి లాగి, ముందుకు వంగి, పగ్గం రెండు జానలు కురచ చేశారు. ఊపిరి కూడా బిగబట్టారని నా అనుమానం. ఆ తర్వాతే దాని చెవులు నిక్కాయి. పైన కూర్చున్న మనిషే బిగుసుకుంటే "ఇక్కడేదో ఉంది" అనుకోదా? ఆగాక మడమలతో పొడుస్తున్నారు, చేతులు మాత్రం పగ్గాన్ని వదలలేదు. యాక్సిలరేటర్, బ్రేకు కలిపి తొక్కితే బండి ఏం చేస్తుంది? ముందుకు దారి మూసేశారు, అందుకే వెనక్కి పోతోంది.

ఎక్కడం మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇలా చేయండి. పిక్కలతో మెల్లగా ఒకసారి అడగండి. కదలకపోతే కొంచెం గట్టిగా. అప్పటికీ కదలకపోతే కాలి వెనక బెత్తంతో చిన్నగా తడుతూ ఉండండి, కొట్టడం కాదు, దోమను తోలినట్టు. అడుగు వేయక్కర్లేదు, బరువు ముందుకు మార్చిన ఆ క్షణంలోనే అన్నీ ఆపేసి మెడ నిమరండి. మన గొడవ ఆగడమే దానికి బహుమానం. ఆ క్షణం దాటాక నిమిరితే దేనికి నిమిరారో దానికి తెలియదు.

నేరుగా ముందుకు రాకపోతే పక్కకు తిప్పండి. ఎడమవైపు గిరుక్కున తిరిగే అలవాటు కాబట్టి కుడివైపుకే. మెడ కుడికి వంచి, కుడికాలితో నడుము తోస్తే వెనకకాళ్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ కదులుతాయి. పాతుకున్న కాళ్లు ఊడినట్టే. మళ్లీ కల్వర్టు వైపు మొఖం పెట్టి, అడగండి.

పాత రౌతు
ఈ అమ్మాయి చెప్పినదాంట్లో పస ఉంది. నేనూ కొట్టమనలేదు, మాట వినేలా చేయమన్నాను.

జట్కా మనవడు
పైన "గట్టిగా రెండు తగిలించి" అని ఉంది సార్ 😀

పాత రౌతు
ఎడిట్ చేసే ఆప్షన్ ఎక్కడుంది ఇందులో?

చంద్రగిరి రౌతు
క్యాడెట్ అక్కా, వీడియో ఐదుసార్లు చూసుకున్నా. ఊపిరి బిగబట్టిన మాట నిజం. దిగి నడిపించడం తప్పా, ఒప్పా? దానిమీద ఇక్కడ రెండు మాటలు వినిపిస్తున్నాయి.

క్యాడెట్ అక్క
ఎటువైపు నడిపిస్తారన్నదే లెక్క. దిగి ఇంటికి పోతే పెద్దాయన అన్నట్టు అది గెలిచింది. దిగి, కల్వర్టు మీదుగా పది అడుగులు ముందుకు నడిపించి, అవతల నిలబెట్టి, బెల్టు వదులు చేసి, కాస్త గడ్డి తిననిచ్చి, అప్పుడు వెనక్కి వస్తే మీరు గెలిచారు. కింద పడి చేయి విరగ్గొట్టుకునే కన్నా దిగడం నయం. పరువు అనేది గుర్రానికి తెలియదు, మనకే.

ఇంకో చిట్కా: సుఖం అవతల పెట్టండి, పని ఇంటి దగ్గర పెట్టండి. ఇంటికి రాగానే జీను విప్పి దాణా పెడుతున్నారు కదా? ఇకమీద ఇంటికొచ్చాక ఒక పావుగంట కళ్లంలో గుండ్రంగా తిప్పి, కాసేపు ఆగి, అప్పుడు దాణా. రెండు వారాల్లో ఇంటివైపు రైలు ప్యాసింజర్ అవుతుంది.

కుప్పం కుర్రోడు
మాకు గుర్రం లేదు గానీ మా బుల్లెట్ కూడా ఎత్తులో ఇలాగే ఆగుతుంది. ఇందులో ఏదైనా పనికొస్తుందా?

గుగ్గిళ్లు
మెడ నిమిరి చూడు.

చంద్రగిరి రౌతు
పదహారు రోజుల తర్వాత వస్తున్నా. పళ్లు చూపించాం. రెండు వైపులా అంచులు రాయించాం, పెద్దగా ఏమీ లేదన్నారు. వీపు నొప్పి పోయింది, నొక్కితే ఏమీ అనడం లేదు. పీలేరు నుంచి ఒకాయన వెడల్పు జీను అరువిచ్చాడు. కంబళి తీసేసి పలుచటి నూలు గుడ్డ వేస్తున్నా.

మొన్నటి నుంచి చేత్తో పట్టుకుని కల్వర్టు వైపు నడిపిస్తున్నా. జీను లేదు, నేను పైన లేను, పగ్గం వదులు. అయినా అక్కడే ఆగింది! ఇరవై అడుగుల ముందు, అదే చోటు. అంటే నొప్పి కాదు, నా చేతులూ కాదు, ఇంకేదో ఉంది. కల్వర్టు రాళ్లు, నీళ్లు, గోడమీద రాసిన రాతలు, అన్నీ వాసన చూపించాను. వాటి మీద దానికి ఆసక్తే లేదు. తల వెనక్కి తిప్పి సకిలిస్తుంది, అంతే.

అసలు సంగతి కనిపెట్టింది మా నాయన. నిన్న పొద్దున నడకకు వచ్చి ఆ కల్వర్టు మీద కూర్చుని తమాషా చూస్తున్నాడు. కాసేపు చూసి, లేచి వచ్చి గుర్రం పక్కన దాని మొఖం ఎటుందో అటే నిలబడ్డాడు. తర్వాత నాలుగడుగులు ముందుకేసి వెనక్కి చూశాడు. "ఒరేయ్, ఇక్కడికొస్తే మన కొట్టం కనపడటం లేదురా" అన్నాడు.

నిజమే. మలుపు తిరిగే దాకా చెట్ల సందులోంచి మా కొట్టం రేకులు కనిపిస్తాయి. ఆ మలుపు దాటితే మామిడి చెట్లు అడ్డం. వానలకు గుర్రం పాక కారుతోందని సరిగ్గా ఈ ఆగడం మొదలయ్యే ముందే దాన్ని తెచ్చి ఎనుము పక్కన కట్టాం. అప్పటినుంచి రెండూ ఒకే తొట్టిలో నీళ్లు తాగుతున్నాయి. ఎనుము మేతకు పోతే ఇది కొట్టంలో గిరగిరా తిరుగుతుంది. నేను ఇది చూస్తూనే ఉన్నా, రెంటికీ ముడి పెట్టలేదు.

నగరి నుంచి
చిరుత కాదన్నమాట. ఎనుము 😂

పుత్తూరు డాక్టరమ్మ
మీ నాయనగారికి నా నమస్కారాలు. గుర్రం మందలో బతికే జంతువు. తోడు లేకుండా ఒంటరిగా ఉంటే మేక అయినా, ఎనుము అయినా తోడే. అంతియూరు సంతలో పక్కన ఎన్నో గుర్రాలు ఉండి ఉంటాయి, ఇక్కడికొచ్చాక మూడు నెలలు ఒక్కతే. తోడు దొరికాక వదలదు మరి. జీను నొప్పి, తోడు బెంగ ఒకేసారి మొదలయ్యాయి, అందుకే ఇంత తికమక.

క్యాడెట్ అక్క
అయితే కల్వర్టు దగ్గర యుద్ధం అనవసరం. మలుపు దాటి రెండు అడుగులు, వెంటనే తిరిగి కొట్టం కనిపించే చోటికి. మళ్లీ నాలుగు అడుగులు, మళ్లీ వెనక్కి. అది ఆగకముందే మీరే తిప్పండి. ఆగాక తిప్పితే దాని మాట నెగ్గినట్టు, ఆగకముందు తిప్పితే మీ మాట. వెళ్లినా తిరిగొస్తామని దానికి నమ్మకం కుదరాలి. రోజుకు పది నిమిషాలు చాలు. ఇంటి దగ్గర కూడా ఎనుమును కాసేపు దూరంగా కట్టి, గుర్రానికి గడ్డి వేసి, అరవకముందే మళ్లీ పక్కకు తెస్తూ ఉండండి.

తిరుపతి బరాత్
బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు అంత జనంలో, అన్ని మేళాల మధ్య గుర్రాలు, ఎద్దులు, ఏనుగులు కలిసి నడుస్తాయి. పక్కన తోడుంటే సగం భయం ఉండదు. మీరు కూడా ఎనుమును వెంట తోలుకుపోండి.

పాత రౌతు
ఎనుము లేనిదే కదలని గుర్రం గుర్రమేనా? ఇది నాకు నచ్చలేదు. అక్క చెప్పిన నాలుగడుగుల పద్ధతే చేయి నాయనా, మెల్లగా అయినా గట్టిగా ఉంటుంది.

చంద్రగిరి రౌతు
తొమ్మిది రోజుల సంగతి. నేను అక్క చెప్పినట్టు నాలుగడుగుల లెక్కన పోతుంటే మా నాయనకు ఓపిక చాల్లేదు. నాలుగో రోజు నన్ను అడక్కుండానే తెల్లారి ఎనుమును తోలుకుపోయి కల్వర్టు అవతల గడ్డిలో కట్టేసి, బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. నేను గుర్రం ఎక్కి మలుపు దగ్గరికి వచ్చానో లేదో, ఎనుము ఒక్క అరుపు అరిచింది. గుర్రం చెవులు రెండూ ముందుకొచ్చి ఒకదానికొకటి తగిలాయి. నేను పిక్కలు ఆనించనే లేదు, కల్వర్టు ఎప్పుడు దాటామో తెలీదు. నేను ఊపిరి బిగబట్టానా లేదా అన్నది కూడా గుర్తులేదు.

ఐదు రోజులుగా ఇదే కార్యక్రమం. అమ్మేయమన్న మనిషి ఇప్పుడు అయిదింటికే లేచి "గుర్రానికి టైం అయింది" అంటున్నాడు.

ఒకటే చిక్కు. ఎనుము దగ్గరికి పోయాక అక్కడినుంచి ముందుకు కదలడం లేదు.

గుగ్గిళ్లు
రెండో ఎనుము కొనమని మీ నాయన మొదటి రోజే చెప్పాడు.

క్యాడెట్ అక్క
నవ్వు ఆపుకోలేకపోతున్నా. రేపటి నుంచి ఎనుమును రోజుకు ఇరవై అడుగులు వెనక్కి, అంటే ఇంటివైపు జరుపుతూ రండి. గుర్రం దాన్ని దాటి ముందుకు నాలుగడుగులు, మళ్లీ దాని దగ్గరికి. వీడియో పెట్టండి, ఈసారి మీ నాయనగారు కూడా కనిపించేలా.

చంద్రగిరి రౌతు
సరే అక్కా. ఎనుము జరగాలి కదా, అది నా గుర్రం కన్నా మొండిది.